ముందు పేజీ ఎక్కడుంది?

నా ఉద్యోగ జీవితంలో నాకు అన్నిటికంటే ఎక్కువ ఒళ్లు మండించిన మాట ఒకటుంది. "అది డాక్యుమెంటేషన్‌లో ఉంది కదండీ." సాఫ్ట్‌వేర్ వాడుక పుస్తకాలు రాసే పనిలోకి కొత్తగా వస్తున్న మీరు కూడా ఏదో ఒకరోజు ఎవరితోనో ఈ మాట అంటారు. అనే ముందు ఎల్లారెడ్డి ఊళ్లో జరిగింది ఒకసారి గుర్తు చేసుకుంటారని ఇది రాస్తున్నాను. నాకు కోపం ముక్కు మీద ఉంటుందని ఆఫీసులో అందరూ అనేవాళ్లు. రిటైరైతే తగ్గుతుందని కూడా అన్నారు. తగ్గలేదు.

నేను మొదట కామారెడ్డిలో ఒక చిన్న ప్రెస్సులో ప్రూఫులు దిద్దేదాన్ని. పెళ్లి పత్రికలో వియ్యంకుడి పేరులో ఒక వత్తు ఎగిరిపోతే రెండు ఇళ్ల మధ్య ఎంత గొడవ జరుగుతుందో అక్కడే నేర్చుకున్నాను. తర్వాత హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరి వాడుక సూచనలు రాసే పనిలో స్థిరపడ్డాను. చివరి ఏళ్లలో కామారెడ్డి ఇంటి నుంచే పనిచేశాను. మా కంపెనీ కొంతమంది ఉద్యోగుల సమయాన్ని ఒక ఓపెన్ సోర్స్ లైబ్రరీకి ఇచ్చేది. అంటే ఎవరైనా ఉచితంగా తీసుకుని వాడుకోగల, ఎవరైనా మార్చగల ప్రోగ్రాముల మూట అన్నమాట. పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేసిన తెలుగు ఇప్పటి కంప్యూటర్లలో తెరిస్తే పిచ్చి గీతల్లా కనిపిస్తుంది. దాన్ని అందరికీ కనిపించే తెలుగులోకి మార్చడమే ఈ లైబ్రరీ పని. మంచి పనే. ఆ మాట ఇప్పటికీ అంటాను.

గొడవంతా దాని వెబ్‌సైటుతో. ఒక ఏడాది సైటుకు కొత్త రూపం ఇవ్వాలని మా బృందానికి బుద్ధి పుట్టింది. అప్పటిదాకా పేజీలు పని జరిగే వరుసలో ఉండేవి. ఒకటి చదివి తర్వాతి దానికి వెళితే పని పూర్తయ్యేది. బృందం పెద్దాయన హైదరాబాద్‌లో కూర్చుని, మెనూలో పేజీలన్నీ అక్షర క్రమంలో పెడితే అందంగా ఉంటుందన్నాడు. భాష చూసే సహోద్యోగి కోస్తా నుంచి వచ్చినవాడు, నెమ్మదస్తుడు. ఆయన పేజీల పేర్లన్నీ గ్రాంథికం చేశాడు. మార్పిడి 'అక్షరాంతరీకరణ' అయింది. కాపీ తీసుకోవడం 'మూలప్రతి పరిరక్షణ' అయింది. నిఘంటువు కూడా అక్షర క్రమంలోనే ఉంటుంది గానీ దాన్ని చదివి ఎవరూ వంట చేయరు కదా అని నేను అడిగాను. నవ్వారు. ఓటు పెట్టారు. నేను ఓడిపోయాను.

కొత్త సైటు వచ్చిన కొంతకాలానికి ఫిర్యాదుల పేజీలో ఒక మాట కనిపించింది. "సార్, మా అవ్వ పాటలల్ల వత్తులు మొత్తం పోయినయి. వాపస్ వస్తయా? జర చెప్పండ్రి." మా వైపు అవ్వ అంటే తల్లి. దాని కింద మా పెద్దాయన జవాబు ఒకే వరుస. "మూలప్రతి పరిరక్షణ గురించి డాక్యుమెంటేషన్‌లో ఉంది. ఇది వాడుకరి పొరపాటు." ఆ తర్వాత ఫిర్యాదును మూసేశాడు. మూసేసిన గుర్తు ఊదా రంగులో ఎంతో అందంగా మెరుస్తోంది. ఒక మనిషి 'జర చెప్పండ్రి' అని అడిగితే 'పొరపాటు' అని తలుపు వేయడానికి మనకు నెలనెలా జీతమెందుకు?

ఫిర్యాదు చేసిన ఆమె తన షాపు ఎల్లారెడ్డిలో అని రాసుకుంది. అది నాకు పరాయి ఊరేమీ కాదు. మర్నాడే కామారెడ్డి బస్టాండులో బస్సెక్కాను. లింగంపేట దాటాక అడవిలో బస్సు ఊగుతుంటే ఆమెకు ఏం చెప్పాలా అని ఆలోచించాను. చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. పోయిన వత్తులు రావు. మార్పిడి తప్పుగా జరిగితే మన దగ్గర కాపీ ఉంటేనే వెనక్కి రాగలం. ఆమె దగ్గర కాపీ లేదు కాబట్టే అంతగా అడిగింది.

ఒకే గది షాపు. ముందు జిరాక్సు మిషను, కంప్యూటరు. వెనక పరదా అవతల ఇల్లు. ఆమెకు నలభై దాటి ఉంటాయి. నేనెవరో చెప్పాను.

"మీరు ఆ సైటోళ్లా?" అంది.

"అందులో ఒకదాన్ని."

"తిట్టాల్నని ఉన్నది. గని గింత దూరం బస్సుల వచ్చిన్రు. కూసోండ్రి, చాయ్ చెప్త."

పరదా అవతల నుంచి ఒక ముసలి గొంతు వినిపించింది. "నా పాటలు మింగింది గీమెనా?"

"గీమె కాదే అవ్వా. గీమె ఆళ్ల దాంట్ల పని చేస్తది."

"అయితే గీమె గూడ మింగినట్టే."

నాకు ఆ ముసలామె మీద గౌరవం అక్కడే మొదలైంది.

సంగతేమిటంటే, ఈమె పెళ్లికి ముందు డీటీపీ నేర్చుకునే రోజుల్లో టైపు చేయడానికి ఏమీ దొరక్క, ఇంటి వాకిట్లో తల్లీ ఆమె తోటివాళ్లూ బీడీలు చుడుతూ పాడుకునే పాటలు టైపు చేసేది. వేళ్లకు అలవాటు కావాలని మొదలుపెట్టింది. తర్వాత వదల్లేకపోయింది. అలా పెద్ద ఫైలు తయారైంది. పాడినవాళ్లలో ఇప్పుడు మిగిలింది తల్లి ఒక్కతే. అచ్చు తీసి పెట్టుకోలేదా అని మీరడుగుతారు, నేనూ అడిగాను. పొద్దస్తమానం ఊళ్లో వాళ్ల కాగితాలు అచ్చు తీసే మనిషికి తన కాగితం తీసుకోవడం గుర్తుండదు. ఫైలు ఎక్కించిపెట్టుకున్న సీడీ ఎప్పుడో గీతలు పడి పాడైపోయింది. తల్లి ఆరోగ్యం తగ్గుతోందని, ఆమె ఉండగానే ఆ పాటలు చిన్న పుస్తకంగా వేసి చేతిలో పెట్టాలని కూతురు ఆశపడింది. అందుకే మా సైటుకు వచ్చింది.

ఆమె తెర నా వైపు తిప్పింది. "ఇగో, గిట్లున్నది చూడండ్రి. 'మూలప్రతి గురించి ముందు పేజీ చూడండి.' మూలప్రతి అంటే ఏందో నాకు సమజ్ కాలే. ముందు పేజీ అంటే ముంగట వచ్చే పేజీ అనుకున్న. ముంగటికి పోతాంటే ఎట్లైన వస్తది గదా, అప్పుడు చూద్దామని కింద చెప్పినట్టు టైపు చేసిన. ఒక్క నిమిషంల మొత్తం అయిపోయింది."

"వెనక పేజీ అని అనుకోలేదా?"

"ఎనక పేజీ ఏడున్నదక్కా? మీ లిస్టుల గిదే మొదటి పేజీ. దీని ఎనక ఏమున్నది? గోడ!"

నిజమే. పేజీలు పాత వరుసలో ఉన్నప్పుడు కాపీ పేజీ దీనికంటే ముందుండేది. అక్షర క్రమం వచ్చాక 'అక్షరాంతరీకరణ' 'అ'తో మొదలవుతుంది కాబట్టి పైకి ఎగబాకింది. 'మూలప్రతి' ఎక్కడో 'మ' దగ్గర, అది కూడా 'ఉన్నత స్థాయి అంశాలు' అనే, నొక్కితేనే తెరుచుకునే మడతలో దాక్కుంది. వెతికే పెట్టెలో 'కాపీ' అని కొడితే ఏమీ లేదంది. అయినా వాక్యం మాత్రం 'ముందు పేజీ' అంటూనే ఉంది. ఏ దిక్కు ముందు? ఇంటి ముందు అంటే ఎదురుగా. పండగ ముందు అంటే గడిచిపోయిన రోజు. ముందుకు నడవమంటే వెళ్లాల్సిన దారి. ఇన్ని అర్థాలున్న మాటను దారి చూపే చోట పెట్టి, దారి తప్పిన మనిషిదే తప్పంటారా?

ఇంకొకటి చూశాను. మెనూలో పైనుంచి రెండోది 'అనుమతి పత్రం'. అంటే లైసెన్సు. ఈ ప్రోగ్రాము వాడినందువల్ల మీకేం నష్టం జరిగినా మాకు సంబంధం లేదని చెప్పే పేజీ. మమ్మల్ని కాపాడే పేజీ అందరికీ కనిపించేట్టు పైన ఉంది. వాడేవాళ్లను కాపాడే పేజీ మడతల్లో ఉంది. అక్షర క్రమం వల్ల అలా కుదిరిందంతే అన్నారు తర్వాత. మనకు అనుకూలమైనవి ఎప్పుడూ అలాగే కుదురుతుంటాయి.

ఇంటికొచ్చి పెద్దాయనకు పొడుగాటి ఉత్తరం రాశాను. మెనూ మళ్లీ పని జరిగే వరుసలోకి రావాలని, కాపీ పేజీ అన్నిటికంటే పైన ఉండాలని. "పరిశీలిద్దాం" అని జవాబు. మళ్లీ రాశాను. "ఒక్కరి పొరపాటు కోసం సైటు మొత్తం మార్చలేం." ఫోన్ చేశాను. నీళ్లు నమిలాడు. చివరకు బృందం వీడియో సమావేశంలో చెప్పుకోమన్నాడు. సరే అన్నాను. ఆ రోజు నేను కామారెడ్డి ఇంట్లో కూర్చోలేదు. ఎల్లారెడ్డి వెళ్లి, ఆమె షాపు బల్ల మీద నా ల్యాప్‌టాప్ పెట్టి, అక్కడి నుంచే సమావేశంలోకి వచ్చాను.

జిరాక్సు కోసం వచ్చినవాళ్లు నా వెనక నిలబడి తెర మీద మొహాలు చూస్తున్నారు. ఆమె ఒక చేత్తో ఆధార్ కార్డులు మిషనులో పెడుతూ చెవి ఇటే వేసింది. పెద్దాయన నవ్వుతూ మొదలుపెట్టాడు.

"మేడం, ఆ పేజీ డాక్యుమెంటేషన్‌లో..."

"ఉంది. అది మీరు చెప్పారు. ఇప్పుడు మీరంతా ఈ ఒక్క వాక్యం చదివి, ఏ పక్క పేజీ తెరుస్తారో చెప్పండి చాలు."

వాక్యం తెర మీద పెట్టాను. "వెనక పేజీ. స్పష్టంగానే ఉంది" అన్నాడు పెద్దాయన.

"వెనకదా?" అన్నాడు వరంగల్ నుంచి స్వచ్ఛందంగా పనిచేసే ఒకతను. "ముందు అంటే ముంగట వచ్చేది కాదా అన్నా?"

"ముందు అంటే ఇంతకుముందు అనండీ" అన్నాడు భాష చూసే సహోద్యోగి.

"నేను తర్వాతి పేజీ అనే అనుకున్నాను. ఇన్నాళ్లూ అలాగే చదివాను" అంది కోడ్ రాసే అమ్మాయి.

ఇక చూడాలి. నేను నోరు విప్పాల్సిన పనే లేకపోయింది. సైటు తయారుచేసినవాళ్లే ముందు అంటే ముందా వెనకా అని పోట్లాడుకున్నారు. జిరాక్సుకు వచ్చిన ఒకాయన తన కాగితాలు మరిచిపోయి మరీ చూశాడు. వాళ్లలో వాళ్లకే తేలని దాన్ని ఎల్లారెడ్డిలో ఒక్కతే కూర్చుని తేల్చుకోలేదని ఆమెకు 'పొరపాటు' అని ముద్ర వేశారు. ఆ రోజు నా మొహం ఎంత ఎర్రబడిందో తెరలో నాకే కనిపించింది.

చివరకు పెద్దాయన దిగొచ్చాడు. వరుస మారుద్దాం, పైన ఏమని పెడదాం అన్నాడు.

"'మొదలు కాపీ తీసి పెట్టుకోండి' అని పెట్టండి" అన్నాను.

భాష చూసే సహోద్యోగి గొంతు సవరించుకున్నాడు. "మొదలు అని అలా వాడితే యాసలా ఉంటుందండీ. పద్ధతిగా 'ముందుగా' అందాం."

"మళ్లీ ముందేనా!"

"పోనీ, 'ప్రప్రథమంగా మూలప్రతిని...'"

ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఆఫీసు వాళ్లతో నేను ఆఫీసు భాషే మాట్లాడాను. ఆ పూట నా నోటి నుంచి అది రాలేదు. "మొదలు అంటే నీకు సమజ్ అయిందా, కాలేదా సార్?" అన్నాను.

"అర్థమైంది గానీండీ..."

"సమజ్ అయినంక ఇగ గానీ ఏంది? కామారెడ్డిల సమజ్ అయితది, ఎల్లారెడ్డిల సమజ్ అయితది, మీ ఊర్ల గూడ సమజ్ అయితది. అందరికి సమజ్ అయ్యేది యాస, ఎవలకు సమజ్ కానిది భాషనా? మీ పద్ధతి మాటతోనే ఈమె ఫైలు మంటగలిసింది!"

అవతల అందరూ బిత్తరపోయారు. ఇవతల జిరాక్సు మిషను కూడా ఆగింది. పరదా తొలగించుకుని ముసలామె బయటికి వచ్చింది. చేతికి తంబాకు అంటుకునే ఉంది.

"ఏంది లొల్లి?" అని కూతురిని అడిగింది.

"నీ పాటల గురించేనే అవ్వా. మీద ఏ మాట రాయాల్నని కొట్లాడుతున్నరు."

ఆమె తెరలోకి వంగి ఆ మొహాలన్నీ చూసింది. "మీ లొల్లి మీరు తర్వాత పెట్టుకోండ్రి గని, నా పాటలు మల్ల ఎప్పుడు రాస్తరు? నాకు యాదికున్నప్పుడు రాసుకోండ్రి. ఎనక ఎవ్వలను అడుగుతరు?"

భాష చూసే సహోద్యోగి కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "మొదలు అనే ఉంచుదామండీ" అన్నాడు. ఆయన నెమ్మదస్తుడని మొదటే చెప్పాను. అయితే అసలు ప్రోగ్రామే ఫైలు మీద చెయ్యి వేసే ముందు కాపీ తీసి ఉంచుకోవచ్చు కదా అని నేనడిగితే, "అది డాక్యుమెంటేషన్ పని కాదు, వచ్చే వెర్షన్‌లో చూద్దాం" అన్నాడు పెద్దాయన. నేను రిటైరయ్యేదాకా ఆ వచ్చే వెర్షన్ రాలేదు. మెనూ మాత్రం మారింది. కొత్త మార్పుల ప్రకటనలో దాని గురించి ఒకే వరుస రాశారు: 'మెనూలో చిన్న చిన్న భాషా సవరణలు.' అది చదివి ఫోను గోడకు కొట్టబోయి ఆగాను.

ఆ తర్వాత వీలైనప్పుడల్లా నేను ఎల్లారెడ్డి వెళ్లాను. కూతురు కంప్యూటరు ముందు, తల్లి చాట ఒళ్లో పెట్టుకుని, నేను మధ్యలో. వత్తులు పోయిన వరుసను కూతురు చదివేది. 'బిడ' అని ఉంటే బిడ్డ, 'పువు' అంటే పువ్వు, 'అక' అంటే అక్క. అవి తెలిసిపోయేవి. తెలియని చోట తల్లిని పాడమనేవాళ్లం. ఊరికే కూర్చోబెట్టి పాడమంటే ఆమెకు ఒక్క ముక్క గుర్తొచ్చేది కాదు. "చేతుల ఆకు లేకుంటే నోట్ల పాట రాదు బిడ్డా" అనేది. తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టడం మొదలుపెడితే వేళ్లతో పాటే మాటలు వచ్చేవి. దగ్గు వస్తే ఆపి, మళ్లీ అందుకునేది. చాలా పాటలు అలాగే నిలబెట్టుకున్నాం.

అలా ఒకరోజు ఒక పాట దగ్గర ఆగిపోయాం. కూతురు చదివింది.

"గడికి పోయిన అక గాజులు మోగవాయె."

'అక' అక్క. సరే. 'గడికి' దగ్గర కూతురి వేలు ఆగింది. అక్కడ ఒక వత్తు ఉండేదా, లేదా? ఉంటే గడ్డికి పోయిన అక్క. గేదెకు గడ్డి కోసుకురావడానికి పోయి ఆలస్యమైన అక్క కోసం సరదాగా పాడుకునే పాట. లేకపోతే గడికి పోయిన అక్క. గడి అంటే దొర ఉండే కోటలాంటి ఇల్లు. ఒకప్పుడు ఆ ఇంటికి వెట్టికి పిలిస్తే ఆడవాళ్లు ఎలా వెళ్లేవాళ్లో, ఎలా తిరిగొచ్చేవాళ్లో మా వైపు వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. గడ్డికి పోయిన అక్క గాజులు ఎక్కడో చేనులో ఉన్నాయి కాబట్టి వినిపించవు. గడికి పోయిన అక్క గాజులు ఎందుకు మోగలేదో నేను రాయలేను.

"నువ్వు ఏది టైపు చేసినవో యాదికున్నదా?" అని కూతురిని అడిగాను.

"లేదక్కా. అప్పుడు నాకు పాట ఎక్కడ పట్టింది? నా ధ్యాసంత వేళ్ల మీదనే ఉండె."

"అవ్వా, గడ్డికా, గడికా?" అని తల్లిని అడిగింది.

ముసలామె చేతిలో బీడీ సగం చుట్టి ఆపింది. "ఆ పాట పక్కింటామెది. ఆమె ఎత్తుకునేది, మేమంత ఎనక అందుకునేటోళ్లం. నాకు నా వరుసనే ఎరుక."

"ఆమె నోట్లకెళ్లి విన్నవు గద?"

"విన్న. ఆమె గా మాట కాడికి రాంగనే గొంతు తగ్గించేది. ఎందుకో మేం ఎన్నడు అడగలే."

ఆ పక్కింటామె పోయి కొన్నేళ్లైంది. ఆమెకు పిల్లలు లేరు. ఆ పాటలో అక్క ఎక్కడికి పోయిందో చెప్పగలిగేవి ఇన్నాళ్లూ ఆ కంప్యూటర్లో భద్రంగా ఉన్న కొన్ని అక్షరాలే. ఒక పేజీ ఉండాల్సిన చోట ఉండి ఉంటే ఇంకా ఉండేవి. నా కోపం చూసి కూతురే నాకు మంచినీళ్లు తెచ్చిచ్చింది.

ముసలామె బీడీ మిగతా సగం చుట్టింది. చుడుతూ తన వరుస పాడింది. "పొద్దు గూకిందమ్మ, అక్క రాకపాయె." రెండుసార్లు పాడి ఆగింది.

"ఏది రాయాల్నే అవ్వా?" అంది కూతురు.

"నాది రాసుకున్నవు గద. ఆమెది నేను చెప్పొద్దు."

పుస్తకం ఆ షాపులోనే అచ్చు వేశారు. పిన్నులు కొట్టి, అట్ట వేసి, తల్లి చేతిలో పెట్టారు. ఆమె అట్ట మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిమిరింది. బీడీలు చుట్టే వాళ్లకు, తెలిసిన పంతుళ్లకు తలా ఒకటి ఇచ్చారు. నేనూ కామారెడ్డిలో కొందరికి ఇచ్చాను. ఆ పాట ఉన్న పేజీలో, ఆ మాట ఉండాల్సిన చోట కూతురు ఖాళీ వదిలింది. చదివినవాళ్లంతా దాన్ని అచ్చుతప్పు అనుకుంటున్నారు.